ఊళ్ళో చోటు లేక లండన్ వెళ్ళిన స్ట్రే క్యాట్స్: ఆ మొదటి నెలల గురించి మాట్లాడుకుందాం

పాతరికార్డు (శనివారం, రాత్రి 9:40)

చాలా రోజులుగా ఇది రాద్దామని. స్ట్రే క్యాట్స్ అనే అమెరికా బ్యాండు పేరు చెప్పగానే అందరికీ 1982, 83లో ఎంటీవీలో వచ్చిన ఆ ముగ్గురే గుర్తొస్తారు. నుదుటి మీదికి ఎత్తుగా దువ్విన జుట్టు, నారింజ రంగు గ్రెచ్ గిటార్, మనిషి కంటే పొడుగున్న డబుల్ బాస్, నిలబడి డ్రమ్స్ కొట్టే కుర్రాడు. నాకు మాత్రం దానికి రెండేళ్ళ ముందు సంగతే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అప్పటికి వాళ్ళ చేతిలో రికార్డు లేదు, డబ్బు లేదు, లండన్లో తలదాచుకోవడానికి ఓ గది కూడా లేదు.

ముగ్గురిదీ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో మాసపీక్వా అనే ఊరు. 1980 ఎండాకాలానికి గిటార్ వాయించి పాడే బ్రయన్ సెట్జర్‌కి 21 ఏళ్ళు, డ్రమ్స్ స్లిమ్ జిమ్ ఫాంటమ్‌కి 19, బాస్ లీ రాకర్‌కి 18 నిండి ఇంకా 19 రావాల్సి ఉంది. మన దగ్గరైతే ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరే వయసు. వీళ్ళు పట్టుకున్నదేమో రాకబిల్లీ, అంటే 1954 జూలైలో మెంఫిస్‌లో సన్ స్టూడియోలో ఎల్విస్, గిటారిస్టు స్కాటీ మూర్, డబుల్ బాస్ వాయించే బిల్ బ్లాక్ ముగ్గురూ కలిసి డ్రమ్స్ కూడా లేకుండా మొదలుపెట్టిన బాణీ. 1980కి అది పాతికేళ్ళ పాత సరుకు. ఎల్విస్ పోయి అప్పటికే మూడేళ్ళు. అమెరికా రేడియోల్లో దానికి చోటు లేదు, రికార్డు కంపెనీలకి అక్కర్లేదు. లాంగ్ ఐలాండ్ బార్లలో వాయిస్తే వచ్చే జనం వస్తున్నారు, కానీ ఎన్నాళ్ళు వాయించినా ఆ బార్ల దగ్గరే ఆగిపోతారని వాళ్ళకీ అర్థమైంది.

ఇంగ్లండులో కుర్రాళ్ళు ఇంకా ఆ బట్టలు వేసుకుంటున్నారని, ఆ పాటలకి డాన్స్ చేస్తున్నారని విన్నారు. అంతే, ఉన్న సామాన్లు అమ్మి ఒకవైపు టికెట్లు కొనుక్కుని విమానం ఎక్కేశారు.

నా ప్రశ్న ఒకటే. తిరుగు టికెట్ లేకుండా అలా వెళ్ళిపోవడం ధైర్యమా, తొందరపాటా? నేనైతే ధైర్యమనే అంటాను. మీరేమంటారు?

వైజాగ్‌డ్రమ్స్ (రాత్రి 9:58)

అన్నా, సరిగ్గా మా బ్యాండ్‌లో ఇదే గొడవ నడుస్తోంది. మేమూ ముగ్గురమే. మా గిటారిస్టు జర్మనీ వెళ్ళిపోదాం, అక్కడ చిన్న చిన్న క్లబ్బులు చాలా ఉన్నాయంటాడు. మా ఇంట్లో ఈ మాట ఎత్తితే చాలు టెన్షన్. ఇంతకీ వాళ్ళు లండన్లో దిగగానే గిగ్స్ వచ్చాయా, లేదా?

పాతరికార్డు (రాత్రి 10:15)

రాలేదు తమ్ముడూ. దిగిన కొత్తలో రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే పెద్ద పని. హైడ్ పార్కులో పడుకున్నారు. తెల్లవార్లూ సినిమాలు ఆడే హాళ్ళలోకి చవక టికెట్ కొనుక్కుని వెళ్ళి కుర్చీల్లో కునుకు తీశారు. ఎవరైనా జాలిపడి రమ్మంటే వాళ్ళ గదిలో నేల మీద. పొద్దున్నే లేచి మళ్ళీ పబ్బులూ, క్లబ్బులూ, సంగీతం వాళ్ళ ఆఫీసులూ తిరగడం. ది హూ, రోలింగ్ స్టోన్స్ లాంటి వాళ్ళకి పబ్లిసిటీ చూసే కీత్ ఆల్తమ్ అనే ఆయన తలుపు తట్టారు, ఆయన చేసిన సాయం ఆ రోజుల్లో వీళ్ళకి పెద్ద ఆసరా.

క్రాయిడన్‌వాసి (రాత్రి 10:52)

హైడ్ పార్కు అని చదవగానే ఒళ్ళు జలదరించింది నాకు. ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఎండాకాలమే కదా అనుకుంటారు, కానీ జూలైలో కూడా తెల్లవారుజాము నాలుగింటికి ఇక్కడి గడ్డి మీద కూర్చుంటే బట్టలు తడిసి ముద్దవుతాయి, చలి ఎముకల్లోకి దిగుతుంది. ఇప్పుడైతే రాత్రి పన్నెండుకి గేట్లు మూసేస్తారు కూడా.

నేను చదువుకోవడానికి వచ్చిన మొదటి రాత్రి, గది ఇస్తానని అడ్వాన్సు తీసుకున్న మనిషి ఫోన్ ఎత్తలేదు. నా దగ్గర ఉన్నవి ఒక పెద్ద సూట్‌కేసు, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ. ఆ రాత్రంతా బస్ స్టేషన్‌లో కూర్చున్నాను. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఆ సూట్‌కేసు ఈడ్చుకునే వెళ్ళాలి, తలుపులో పట్టదు, బయట వదిలేస్తే ఉంటుందో ఉండదో. ఆకలి సంగతి మర్చిపోయాను గానీ ఆ సామాను బరువు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

మరి డబుల్ బాస్ పెట్టుకుని ఆ పిల్లాడు ఎలా తిరిగాడో! దాన్ని మడవలేం, కింద పెట్టి నిద్రపోలేం, ఎవరైనా ఎత్తుకుపోతే బతుకుతెరువే పోయింది. వాళ్ళని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది పాట కాదు, ఆ సామానే.

నల్లకుంట (రాత్రి 11:20)

కథ బాగుంది, కాదనను. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ ఏడాది లండన్లో బ్యాండ్ పెట్టుకుని నేల మీద పడుకున్న కుర్రాళ్ళు వేలల్లో ఉంటారు. వీళ్ళని చూడటానికి రోలింగ్ స్టోన్స్ వాళ్ళు వచ్చారు, డేవ్ ఎడ్మండ్స్ లాంటి పేరున్న మనిషి ప్రొడ్యూస్ చేస్తానన్నాడు కాబట్టి మనం ఇవాళ మాట్లాడుకుంటున్నాం. మిగతా వేలమంది ఏమయ్యారు? పార్కులో పడుకోవడాన్ని గొప్ప చేసి చెబితే, పైన ఆ వైజాగ్ అబ్బాయి లాంటి వాళ్ళు పార్కులో పడుకుంటే పేరొస్తుందనుకుంటారు. అదృష్టం పాలు ఎంతో కూడా చెప్పండి.

బాస్‌తీగ (ఆదివారం, ఉదయం 7:05)

నల్లకుంట గారూ, అదృష్టం ఉందని ఒప్పుకుంటాను. కానీ స్టోన్స్ వాళ్ళు పార్కులో పడుకున్న కుర్రాళ్ళని చూడటానికి రాలేదండీ, స్టేజీ మీద వాయిస్తున్న కుర్రాళ్ళని చూడటానికి వచ్చారు. ఆ తేడా పట్టుకోకపోతే అసలు సంగతి పోతుంది.

నేను సికింద్రాబాద్‌లో చర్చి ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ వాయిస్తాను. రాకబిల్లీలో బాస్ వాయించే స్లాప్ అనే పద్ధతి నేర్చుకుందామని రెండేళ్ళ కిందట మొదలుపెట్టాను. పని ఏంటంటే, తీగని వేలితో బయటికి లాగి వదలాలి, అది వెళ్ళి ఫింగర్‌బోర్డుకి కొట్టుకుని టక్‌మంటుంది, ఆ వెంటనే అరచేతితో తీగల మీద చరచాలి, అప్పుడు ఇంకో టక్. స్వరమూ నువ్వే, తాళమూ నువ్వే. సన్ స్టూడియోలో డ్రమ్స్ లేకుండా ఆ పాటలు నడిచాయంటే బిల్ బ్లాక్ చేతిలో ఉన్న ఈ టక్‌టక్ వల్లే. నాకు మొదటి వారంలో చూపుడు వేలు, మధ్య వేలు పొక్కాయి. రెండో వారం పొక్కులు చితికాయి. మూడో వారం అన్నం కలుపుకుంటే పచ్చడి తగిలి కళ్ళమ్మట నీళ్ళు. మూడు నెలలకి గానీ నాలుగు నిమిషాల పాట ఆగకుండా కొట్టలేకపోయాను, అదీ మామూలు వేగంలో. లీ రాకర్ పద్దెనిమిదేళ్ళకే రాత్రికి అన్నేసి సెట్లు ఆ వేగంతో కొట్టి, దిగి మళ్ళీ ఎక్కేవాడు. ఆ చెయ్యి లండన్లో తయారవలేదు. లాంగ్ ఐలాండ్ బార్లలో, ఎవరూ పట్టించుకోనప్పుడు తయారైంది.

ఇంకోటి. ఈ పిల్లలు ఏదో జుట్టు దువ్వుకుని వేషం కట్టిన బాపతు కాదు. లీ వాళ్ళ నాన్న స్టాన్లీ డ్రకర్, న్యూయార్క్ ఫిల్‌హార్మానిక్‌లో ప్రధాన క్లారినెట్ వాద్యకారుడు, 1948లో చేరి 2009 దాకా అందులోనే వాయించిన మహానుభావుడు. అమ్మ కూడా క్లారినెట్ విద్వాంసురాలే. పిల్లాడు చెల్లో నేర్చుకుని బాస్‌కి వచ్చాడు. సెట్జర్ స్కూల్లో యుఫోనియం ఊదాడు, జాజ్ వినడానికి న్యూయార్క్ క్లబ్బుల చుట్టూ తిరిగాడు. వాడి గిటార్ సోలోల్లో ఆ జాజ్ తీగలు వినిపిస్తాయి, గమనించండి. ఆ 1959 నాటి గ్రెచ్ 6120 గిటార్ వంద డాలర్లకి కొన్నాడు. అప్పటికి అది ఎవరికీ అక్కర్లేని మోడల్.

స్లిమ్ జిమ్ సంగతి చెప్పాలి. ఒక స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్), కాలితో కొట్టే ఒక కిక్ డ్రమ్, ఒక సింబల్ (ఇత్తడి పళ్ళెం), అంతే. నిలబడి వాయిస్తాడు. ఇది చూడ్డానికి బాగుంటుందని మాత్రమే అనుకుంటాం, కానీ పబ్బులో మూలన రెండు బల్లలు జరిపితే చాలు, కచేరీ మొదలు. మరో బ్యాండు సామాను దించుకునేలోపు వీళ్ళు రెండు పాటలు అయిపోగొడతారు. దిక్కులేని ఊళ్ళో ఉన్నవాడికి అది ఎంత పెద్ద బలమో ఆలోచించండి.

వైజాగ్‌డ్రమ్స్ (ఉదయం 7:31)

బాస్‌తీగ అన్నా, నా కిట్‌లో ఏడు పీసులున్నాయి. ఇది చదివాక వాటి వంక చూస్తూ కూర్చున్నా.

టేపురికార్డరు (ఉదయం 11:10)

ఇంగ్లండే ఎందుకు అన్నది ఎవరూ అడగలేదు, నేను అదే రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

అమెరికా తన పాత సంగీతాన్ని తొందరగా మర్చిపోయే దేశం. బ్రిటన్ దాన్ని ఇంట్లో దేవుడి పటంలా దాచుకుంది. 1960 ఏప్రిల్‌లో అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు ఎడ్డీ కాక్రన్ ఇంగ్లండులో కచేరీలు చేస్తూ చిపెన్‌హామ్ దగ్గర టాక్సీ ప్రమాదంలో గాయపడి మర్నాడు బాత్‌లో ఆస్పత్రిలో చనిపోయాడు, 21 ఏళ్ళు. అదే కారులో ఉన్న మరో అమెరికా గాయకుడు జీన్ విన్సెంట్ గాయాలతో బయటపడ్డాడు. అమెరికాలో వాళ్ళ పాటలు మరుగునపడినా బ్రిటన్‌లో టెడ్డీ బాయ్స్ అనే, రాక్ అండ్ రోల్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు మాత్రం వదల్లేదు. పొడుగు కోట్లు, మందపాటి క్రేప్ సోల్ బూట్లు, తండ్రుల నుంచి కొడుకులకి వచ్చిన ఇష్టం. 1976 మే నెలలో వేలమంది లండన్లో ఊరేగింపుగా బీబీసీకి వెళ్ళారు, మా రాక్ అండ్ రోల్ రేడియోలో వెయ్యండని. పాట కోసం ఊరేగింపు అండీ! క్రేజీ కావన్, మ్యాచ్‌బాక్స్ లాంటి స్థానిక బ్యాండ్లు ఆ జనాన్ని పట్టుకుని డెబ్బైలంతా నడిపించాయి. అంటే స్ట్రే క్యాట్స్ వెళ్ళేసరికి అక్కడ వినేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు, వాయించేవాళ్ళూ ఉన్నారు.

మరి వీళ్ళలో కొత్తేముంది? 1977లో లండన్ కింగ్స్ రోడ్డులో టెడ్డీ బాయ్స్‌కీ, పంక్ అనే వేగమైన, మొరటు రాక్ వినే కుర్రాళ్ళకీ కొట్లాటలు జరిగాయి. ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు. ఈ ముగ్గురేమో పాత బాణీని పంక్ వేగంతో, పంక్ కసితో వాయించారు. పచ్చబొట్లు, చెవికి పోగులు, చేతుల్లేని చొక్కాలు. రెండు గుంపులూ ఒకే హాల్లోకి వచ్చాయి. 1956ని ఉన్నదున్నట్టు దింపాలని చూసినవాళ్ళు ఎప్పుడూ ఆ గిరిలోనే ఉండిపోయారు, వీళ్ళు 1980 కుర్రాళ్ళలాగే ఉంటూ దాన్ని వాయించారు. నా లెక్కన గెలుపు అక్కడుంది.

బాస్‌తీగ గారు ఆ 6120 మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. కాక్రన్ వాయించిందీ అదే మోడల్. ఆయన పోయిన ఇరవై ఏళ్ళకి, అదే 21 ఏళ్ళ వయసులో, అదే గిటార్ పట్టుకుని ఇంకో అమెరికా కుర్రాడు అదే దేశంలో దిగాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

పరాయి దేశం వెళ్ళి నిలబడ్డ వాళ్ళు ఇంకా ఉన్నారు. అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ని 1966 సెప్టెంబర్లో లండన్ తీసుకొస్తే గానీ అమెరికాకి ఆయన విలువ తెలీలేదు. ఎదురుదారిలో, ఇంగ్లండు బ్యాండు బీటిల్స్‌ది జర్మనీలోని హాంబర్గ్. 1960 ఆగస్టులో వెళ్ళి బాంబీ కీనో అనే సినిమా హాల్లో తెర వెనక, టాయిలెట్ల పక్క గదుల్లో పడుకుని రాత్రిళ్ళు గంటల తరబడి వాయించారు. జార్జ్ హారిసన్‌కి 18 నిండలేదని నవంబర్లో వెనక్కి పంపేశారు. వాళ్ళు సినిమా హాల్లో పడుకున్న ఇరవై ఏళ్ళకి వీళ్ళూ సినిమా హాల్లోనే పడుకున్నారు.

క్రాయిడన్‌వాసి (మధ్యాహ్నం 12:40)

టేపురికార్డరు గారూ, ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఆ ఊరేగింపు గురించి తెలీదు. మా ఆఫీసులో రిటైరవబోతున్న ఒక పెద్దాయన ప్రతి శుక్రవారం ఆ బూట్లే వేసుకొస్తాడు. రేపు వెళ్ళగానే అడుగుతాను.

నల్లకుంట (మధ్యాహ్నం 1:15)

బాస్‌తీగ గారి మాట కొంతవరకు నిజమే, వాయించడం రాకపోతే ఎవరొచ్చి చూసినా లాభం లేదు. కానీ సరైన ఊరికి సరైన ఏడాది వెళ్ళడం కూడా వాళ్ళ చేతిలో లేని విషయమే కదా. అయిదేళ్ళు ఆలస్యమైతే?

పాతరికార్డు (మధ్యాహ్నం 2:30)

అయిదేళ్ళు ఆలస్యమైతే ఏమో గానీ, వాళ్ళు వెళ్ళాక ఎంత త్వరగా జరిగిందో చూడండి. ఎండాకాలంలో పార్కులో పడుకున్నవాళ్ళు. చిన్న చిన్న చోట్ల వాయిస్తుంటే ఒకరి నోట ఒకరికి పాకి, రికార్డు కంపెనీలు పోటీ పడే దాకా వచ్చి, అరిస్టా వాళ్ళు తీసుకున్నారు. నవంబర్లో మొదటి సింగిల్ 'రన్అవే బాయ్స్' వచ్చి బ్రిటిష్ చార్టులో 9వ స్థానానికి వెళ్ళింది. ఇల్లు వదిలి పారిపోయిన కుర్రాళ్ళ పాట అది, సెట్జర్, ఫాంటమ్ కలిసి రాసుకున్నారు. వాళ్ళ బతుకే వాళ్ళు పాడుకున్నారు.

డేవ్ ఎడ్మండ్స్ గురించి ఒక మాట. వేల్స్‌లో కార్డిఫ్ మనిషి, 1970లో బ్రిటన్‌లో నంబర్ వన్ పాట ఇచ్చినవాడు. ఆయనకి సన్ స్టూడియో శబ్దం అంటే ప్రాణం. టేపు మీద రికార్డు చేసే తల దగ్గర్నుంచి తిరిగి వినిపించే తల దగ్గరికి టేపు కదిలేలోపు వచ్చే చిన్న ఆలస్యాన్ని వాడుకుని, గొంతుకి వెంటనే ఒక్క ప్రతిధ్వని తగిలిస్తారు. అదే స్లాప్‌బ్యాక్. ఇంకో ప్రొడ్యూసర్ చేతిలో పడితే ఆ రోజుల ఫ్యాషన్ ప్రకారం సింథసైజర్లు పెట్టి ఈ ముగ్గురినీ ముంచేసేవాడు. ఈయన వాళ్ళని వాళ్ళలాగే ఉండనిచ్చాడు. 1981 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్ బ్రిటన్‌లో 6వ స్థానం, రెండో సింగిల్ మళ్ళీ 9, మూడోది 11.

ఇక్కడితో కష్టాలు తీరాయనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అదే ఏడాది నవంబర్లో రెండో ఆల్బమ్ 'గొన్నా బాల్' వచ్చింది. ఎక్కువభాగం సొంతంగా ప్రొడ్యూస్ చేసుకున్నారు. బ్రిటన్‌లో 48 దగ్గరే ఆగిపోయింది. తొమ్మిది నెలల్లో 6 నుంచి 48కి! సొంత దేశంలో చూస్తే వాళ్ళ రికార్డు ఒక్కటి కూడా విడుదల కాలేదు, కావాలన్నవాడు ఇంగ్లండు నుంచి దిగుమతైన కాపీ ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. 1981లో అమెరికాలో రోలింగ్ స్టోన్స్ కచేరీలు కొన్నింటికి ముందు వాయించారు, అంత పెద్ద మైదానాల్లో, తమ దేశపు జనం ముందు, వాళ్ళెవరికీ తెలియని పాటలు పాడుతూ. నాకు పార్కులో పడుకోవడం కంటే ఇదే ఎక్కువ కష్టమనిపిస్తుంది. పార్కులో ఉన్నప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు కదా.

చివరికి ఈఎంఐ అమెరికా వాళ్ళు ఆ రెండు ఇంగ్లండు ఆల్బముల్లోంచి పాటలు ఏరి, ఒక కొత్త పాట కలిపి, 1982 జూన్‌లో 'బిల్ట్ ఫర్ స్పీడ్' అని వేశారు. అప్పటికి ఎంటీవీ మొదలై ఏడాది కూడా కాలేదు, వెయ్యడానికి వీడియోలు కావాలి, వీళ్ళ దగ్గరేమో తయారుగా ఉన్నాయి. ఆ ఆల్బమ్ బిల్‌బోర్డులో రెండో స్థానంలో 15 వారాలు కూర్చుంది. ఇంగ్లండులో రెండేళ్ళుగా వాయిస్తున్న ఆ పాటలనే అమెరికా కొత్తవి అనుకుని విన్నది.

నల్లకుంట (మధ్యాహ్నం 3:02)

గొన్నా బాల్ సంగతి నాకు తెలీదు. వాళ్ళది ఒక్క ఎగురుడులో పైకెళ్ళిన కథ అనుకున్నాను. రెండో ఆల్బమ్ పడిపోయాక కూడా బ్యాండు విడిపోకుండా అవే పాటలు పట్టుకుని ఇంకో దేశంలో మళ్ళీ సున్నా నుంచి వాయించారంటే, సరే, దాన్ని అదృష్టం అనను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

క్రాయిడన్‌వాసి (సాయంత్రం 5:20)

వైజాగ్ తమ్ముడూ, అక్కలా ఒక మాట. వెళ్ళొద్దని చెప్పను, నేనూ వచ్చినదాన్నే. కానీ మూడు నెలల తిండికీ గదికీ సరిపడా డబ్బు ముందు విడిగా పెట్టుకోండి, దాన్ని ఆంప్లిఫయర్ కొనడానికి ముట్టుకోవద్దు. తిరుగు టికెట్ డబ్బు ఇంట్లోవాళ్ళ దగ్గర ఉంచండి, మీ దగ్గర ఉంటే ఖర్చయిపోతుంది. ఆ దేశంలో డబ్బు తీసుకుని వాయించడానికి ఏ వీసా కావాలో ఎవడో చెప్పింది కాకుండా వాళ్ళ రాయబార కార్యాలయం నుంచే తెలుసుకోండి. ఇంకా, ముగ్గురూ ఒకే గదిలో ఆకలితో ఉన్నప్పుడు వచ్చే గొడవలు సంగీతం గురించి ఉండవు, అన్నం గిన్నె ఎవరు కడగాలన్నదాని మీద ఉంటాయి. అమ్మకి మాత్రం రోజూ ఫోన్ చెయ్యి.

వైజాగ్‌డ్రమ్స్ (రాత్రి 8:45)

అక్కా, థాంక్యూ. మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ రెండోసారి చదవమంది.

ఇవాళ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. జర్మనీ మాట ఇప్పటికి పక్కన పెట్టాం, మానుకోలేదు. ముందు ఇక్కడే ఎక్కడ చోటిస్తే అక్కడ వారానికి నాలుగు రాత్రులు వాయించాలని అనుకున్నాం, ఏడాది పాటు. నేను స్నేర్, కిక్, ఒక సింబల్ ఉంచి మిగతావి మూటకట్టి అటక మీద పెట్టాను. నిలబడి కొట్టి చూశా. కుడి కాలు మీద కిక్, ఎడమ కాలు మీద బరువంతా, పావుగంటకే పిక్క పట్టేసింది. శబ్దం మాత్రం చాలా బాగుంది అన్నా, ప్రతి దెబ్బా విడిగా వినపడుతోంది.

మా బాస్ వాడు పాత డబుల్ బాస్ ఒకటి అద్దెకి దొరుకుతుందేమో వెతుకుతున్నాడు. బాస్‌తీగ అన్నా, వేళ్ళకి ఏం చుట్టుకోవాలి?

బాస్‌తీగ (రాత్రి 9:10)

మెడికల్ షాపులో దొరికే తెల్ల గుడ్డ టేపు, సన్నది. చూపుడు వేలికీ మధ్య వేలికీ మొదటి కణుపు దాకా రెండు చుట్లు. మూడో చుట్టు వెయ్యనివ్వకు, తీగ చేతికి తెలీదు. మొదటి నెల రోజుకి ఇరవై నిమిషాలే, పొక్కు లేస్తే చితకనివ్వకుండా ఆపెయ్యమను. బాస్ దొరికాక ఒక వీడియో పెట్టండి, చెయ్యి ఎక్కడ పడుతుందో చూసి చెబుతాను.